నడవ అవతల

చింపాంజీల మాటలు మనుషులకు వినిపించిందెవరని అడిగితే లోకమంతా డాక్టర్ నీరద పేరు చెప్పేది. నీరద మాత్రం, "నేను కాదు, మా వదిన. కాకినాడలో ఉంటుంది. కుక్కరు మూడో కూతకి లేచి స్టవ్ కట్టేసి వచ్చి మళ్ళీ కూర్చుంటుంది," అనేది.

అది వేళాకోళం కాదు. ఏడేళ్ళపాటు, రోజుకు మూడు గంటల చొప్పున, చూడామణి భోజనాల బల్ల మీద ఒక అడవిని పెట్టుకుని చూసింది. ఉగాండా పడమటి కొండల్లోని ముగోరో అడవి నుంచి నీరద వీడియో ముక్కలు పంపేది. ఒక్కోటి అర నిమిషం, మహా అయితే నిమిషం. ఒక చింపాంజీ చెయ్యి చాపుతుంది, ఇంకోటి మొహం తిప్పుకుంటుంది, అంతే. చూడామణి దాన్ని నాలుగుసార్లు చూసి పక్క గడిలో ఒక మాట రాసేది. ఆ బొమ్మల్నీ మాటల్నీ కలిపి మింగి మింగి, చివరికి యంత్రం తనంతట తనే చింపాంజీని చూసి మాట చెప్పడం నేర్చుకుంది. అరచేతిలో పట్టే గాజు పలక అది. మెడలో వేసుకుని చెవిలో చిన్న బొడిపె పెట్టుకుంటే, ఎదురుగా ఉన్న జంతువు మనసు మన భాషలో వినిపించేది. నీరద దానికి ఆనవాలు అని పేరు పెట్టింది.

"మా యూనివర్సిటీ పిల్లలు పుస్తకంలో చదివిందే అడవిలో చూస్తారు వదినా," అంది మొదట్లో. "నాకు పాలు పొంగబోయే ముందు క్షణం కనిపెట్టే మనిషి కావాలి."

"ఎమ్మే సోషియాలజీ చదివినదాన్ని పాలు కాయడానికి పిలుస్తున్నావా?"

"ఆ ఎమ్మే కూడా ఎక్కడో అక్కడ పనికొస్తుందేమోలే."

శాస్త్రం మాటలు వద్దంది నీరద. ఇంట్లో మాటలే రాయమంది. అలాగే రాసింది చూడామణి. కోపం అని ఊరికే రాయలేదు. అలకకూ కినుకకూ తేడా చూసింది. మారాం వేరు, గారాం వేరు అంది. పెద్దది చిన్నదాన్ని తోస్తే అది కసిరిందో, మందలించిందో, ఊరికే విసుక్కుందో మూడుసార్లు వెనక్కి తిప్పి చూసి గానీ గడి నింపేది కాదు. భర్త విశ్వపతి పేపరు దించి, "నా అలక ఎప్పుడైనా నాలుగుసార్లు చూశావా?" అని అడిగాడొకరోజు.

"మీది ఒకసారి చూస్తే చాలండీ. రోజూ ఒకటే," అందామె.

ఆ తేడాల వల్లే ఆనవాలు నిలబడింది. పదకొండు అడవుల్లో చెట్లకు పలకలు కట్టారు. ఎక్కడ ఉచ్చులు పన్నారో, ఎక్కడ రంపాలు తిరుగుతున్నాయో చింపాంజీల భయమే పట్టిచ్చింది. అయితే, పలకలు చెట్లెక్కాక కాళ్ళతో పని తగ్గింది. ముగోరోలో చింపాంజీల వెంట నడిచే జాడగాళ్ళు పద్నాలుగు మంది ఉండేవాళ్ళు. బిరుంగి అనే ముసలాయన ఒక్కడే మిగిలాడు.

నీరద రమ్మని ఏడేళ్ళు పోరితే, ఎనిమిదో ఏట చూడామణి బయల్దేరింది. నెల రోజులకని రెండు కేజీల కందిపొడి పట్టుకుని, యాభై మూడేళ్ళ మోకాళ్ళతో ఆ కొండలెక్కింది.

మొదటిరోజే నాంచారి కనిపించింది. ఆ పేరు చూడామణి పెట్టిందే. భుజాల మీద తెల్ల వెంట్రుకలు. తీగ ఉచ్చులో చిక్కి వేళ్ళన్నీ పోయిన ఎడమ చెయ్యి. తెరమీద జానెడున్నది ఇక్కడ మనిషంత ఉంది. చూడామణి ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, నీరద గీసిన గీత దగ్గరే ఆగిపోయింది.

"ఇంకాస్త దగ్గరికి వెళ్ళకూడదూ?"

"మన జలుబు చాలు వదినా, వీళ్ళ ప్రాణం తియ్యడానికి. నలభై ఒక్కరే ఉన్నారు. ఒకప్పుడు ఈ కొండల్లో వీళ్ళని లెక్కపెట్టడం మానేసేవాళ్ళట."

నాంచారి వాళ్ళకేసి చూడను కూడా చూడలేదు. "మొహం చూసి పలకరించలేదని నొచ్చుకోకు," అంది నీరద. "పట్టించుకోకపోవడమే మనకిచ్చే మర్యాద. దానికి నాకు పదేళ్ళు పట్టింది."

ముగోరోకి తూర్పున, లోయ దాటాక ఇంకో అడవి ఉంది. అక్కడి చింపాంజీలను ఎవరూ దగ్గరగా చూసింది లేదు. మనిషి అలికిడైతే చాలు మాయమవుతాయి. పలకలు కట్టడానికి అటవీశాఖ ఇంకా ఒప్పుకోలేదు. రెండు అడవుల మధ్యా వాగు వెంబడి ఐదు కిలోమీటర్ల పొడుగున సన్నటి చెట్ల వరస మిగిలింది. అటూ ఇటూ టీ తోటలు. రెండు గదుల మధ్య నడవలా ఉందని వీడియోలు చూస్తూ చూడామణి ఎప్పుడో అంది. శిబిరంలో అందరికీ ఆ పేరే నిలిచిపోయింది.

ఆ నడవను కొట్టేస్తామని టీ తోటల వాళ్ళు అర్జీ పెట్టారు. నెలాఖరు శుక్రవారం పట్నంలో విచారణ. చూడామణికి అంతు పట్టనిది ఏమిటంటే, కొట్టెయ్యొచ్చని రాసింది నీరదే.

"నువ్వా?" అంది.

"నేనే. మూడేళ్ళలో ముగ్గురు పిల్లలు ఆ నడవలోకి వెళ్ళారు. సంపెంగ, కాకర, ఉలవ. ఒక్కతీ తిరిగి రాలేదు. నిరుడు అక్కడే ఆరు ఉచ్చులు దొరికాయి. అటువైపు కందకం తవ్వి దారి మూసేస్తే, మిగతావాళ్ళయినా ఇక్కడే క్షేమంగా ఉంటారు."

"ఈడొచ్చిన ఆడపిల్లలు వేరే గుంపులోకి పోతారని నువ్వే చెప్పావుగా? మగపిల్లలు పుట్టినచోటే ఉంటారు, ఆడపిల్లలే అత్తారింటికి పోతారని."

"పోతారు. ఆ దారే లేకపోతే గుంపులో అందరూ అన్నదమ్ములూ అప్పచెల్లెళ్ళే మిగిలి, నాలుగు తరాల్లో వంశం అంతరిస్తుంది. ఆ సంగతి నాకు తెలీకనా? కానీ ఈ ముగ్గురూ పోలేదు వదినా." నీరద గొంతు తగ్గించింది. "నడవలో అడుగుపెట్టేటప్పుడు ముగ్గురూ వాళ్ళమ్మలతో వెళ్ళొస్తా అనే చెప్పారు. ఆనవాలు విన్నది. రావాలనుకున్న పిల్లలు రాలేదంటే, దారిలో చచ్చిపోయారనేగా? ఉలవని నేను చంటిపిల్లప్పట్నుంచీ చూశాను."

వీడియోల పనికి చాలా ముందు, నీరద పంపిన ఫొటోలో ఆ పిల్లని చూసింది చూడామణి. ఉలవగింజంత ఉందని ఆ పేరు పెట్టిందీ తనే.

నాలుగోరోజు పొద్దున్నే నడవ మొదట్లో, వాగు ఒడ్డున కూర్చున్నారు. నాంచారి కూతురు గవ్వ, పన్నెండేళ్ళది, తల్లి దగ్గరికి వచ్చింది. నాంచారి ఉన్న వేళ్ళతో దాని వీపు దువ్వింది. మెడ, భుజాలు, చంకలు, కాలి మడమల దాకా. తొందరేమీ లేదు. అయ్యాక గవ్వ తల్లి మొండిచేతిని తన పెదాలకు ఆనించుకుని చిన్నగా మూలిగి, లేచి నడవకేసి నడిచింది.

"వెళ్ళొస్తా," అంది ఆనవాలు చూడామణి చెవిలో.

చూడామణికి ఏదో గుచ్చుకుంది. ఈ నాలుగు రోజుల్లో ఎన్ని వెళ్ళొస్తాలు విన్నదో లెక్కలేదు. మేడిచెట్టుకు వెళ్ళేవాళ్ళూ, నీళ్ళకు వెళ్ళేవాళ్ళూ, లేచి కాస్త దూరం పోయి, ఒళ్ళు బరబరా గోక్కుని, వెనక్కి తిరిగి ఎవరైనా వస్తున్నారా అని చూస్తారు. గవ్వ గోక్కోలేదు. వెనక్కి తిరగనూ లేదు. నాంచారి మామూలుగా ఎవరు పోయినా నములుతున్న పండు మీదనుంచి చూపు ఎత్తదు. ఇప్పుడు మాత్రం ఆకుల కదలిక ఆగేదాకా అటే చూస్తూ కూర్చుంది. ఆగాక కూడా చూసింది.

ఇది కొత్త దృశ్యం కాదు. మూడేళ్ళ క్రితం సంపెంగ వీడియోలో ఇదే చూసింది చూడామణి. ఆ రోజు శుక్రవారం. తలంటుకుని దీపం పెట్టి వచ్చి కూర్చుంది. నాలుగుసార్లు కాదు, ఆరుసార్లు చూసింది. పోతున్నా అన్న మాట మనసులోకి స్పష్టంగా వచ్చింది. చెయ్యి మాత్రం రాయలేదు. దీపం వెలుగుతున్న ఇంట్లో కూర్చుని, అంత చిన్నపిల్ల నోట ఆ మాట ఎలా పెడుతుంది? వెళ్ళొస్తా అని రాసి తర్వాత వీడియో తెరిచింది.

మధ్యాహ్నం శిబిరం వరండాలో నీరద అరటికాయ ముద్దలో కందిపొడి కలుపుకుంటోంది. చూడామణి ఎదురుగా కూర్చుంది. ప్లేటు ముట్టుకోలేదు.

"నీరదా, మనింట్లో బియ్యం అయిపోతే ఏమంటాం?"

"నిండుకున్నాయంటాం."

"దీపం ఆరిపోతే?"

"కొండెక్కిందంటాం. ఏంటి వదినా, పొడుపుకథలా? ముందు తిను, చల్లారిపోతోంది."

"గుమ్మం దిగి పోయేవాళ్ళు ఏమంటారు?"

నీరద చెయ్యి ప్లేటులోనే ఆగింది. తెలివైన పిల్ల. ఇంకో మాట చెప్పించుకోలేదు.

"ఎన్ని?" అంది.

"అన్నీ. ఏడేళ్ళలో ఎవరు ఎక్కడికి వెళ్ళినా ఒకటే రాశాను. పోతున్నా అని ఒక్క గడిలోనూ రాయలేదు. నీ యంత్రానికి ఆ మాటే తెలీదు. రేపు చావబోయేది కూడా దానికి వెళ్ళొస్తాననే చెప్తుంది."

"అనుమానం వచ్చినప్పుడు నాకో మాట చెప్పుండచ్చుగా."

"అనుమానం కాదమ్మా. తెలిసే రాశాను. సంపెంగది తెలిసి రాశాను. ఆ పిల్లలు దారిలో చచ్చిపోయారని నువ్వనుకున్నావే, అది నా గడి చూసే అనుకున్నావు. వాళ్ళు అత్తారింటికి పోయారేమో. ఆ నడవ ఉరి కాదేమో. మిగతా పిల్లలకి కూడా అదే దారేమో."

నీరద లేచి చెయ్యి కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

"పదకొండు అడవులు వదినా," అంది వెనక్కి తిరక్కుండానే. "ఈ మూడేళ్ళలో ఎక్కడ అడవి ఉంచాలో, ఎక్కడ రోడ్డు వెయ్యొచ్చో, దీని మాట విని తేల్చారు. ఒక్క మాట తప్పని నేను చెప్తే మిగతావి ఎవరైనా నమ్ముతారా?"

"నమ్మకూడదు. నేనైతే నమ్మను. ఇంకెన్నిచోట్ల మెత్తగా రాశానో నాకే తెలీదు. కొట్టినదాన్ని మందలించిందని రాసుంటాను. మన నోటికి ఇంపుగా లేనిదాన్ని దేన్నీ ఉన్నదున్నట్టు రాసి ఉండను."

"ఎంత నిదానంగా చెప్తున్నావు."

"ఏడిస్తే నువ్వు నన్ను ఓదార్చాల్సొస్తుంది. ఇప్పుడు అంత టైము లేదు."

నీరద ఆ రోజంతా వదినతో మాట్లాడలేదు. పెళ్ళయి చూడామణి ఆ ఇంటికొచ్చేనాటికి నీరదకు పదకొండేళ్ళు. మరదలి మౌనం ఆమెకు కొత్త కాదు. అప్పట్లో జడ వేయించుకోవడానికి సాయంత్రానికల్లా దిగొచ్చేది. ఇప్పుడు మర్నాడు పొద్దున వచ్చింది, చేతిలో కాయితంతో. విచారణ అధికారికి రాసిన ఉత్తరం. తన నివేదిక వెనక్కి తీసుకుంటున్నాననీ, యంత్రానికి నేర్పిన మాటల్లో మూలంలోనే పొరపాటుందనీ, ఆ పొరపాటు పూచీ తనదనీ రాసింది.

చూడామణి చదివి, "పూచీ నీదన్నచోట నా పేరు రాయి," అంది.

"అక్కర్లేదు."

"ఉన్నదున్నట్టు రాయాలని నిన్ననే కదా అనుకున్నాం. రాయి."

రాసింది.

వారం తిరక్కుండానే పదకొండు అడవుల్లోనూ చెట్లకున్న పలకలు ఆర్పేశారు. డబ్బిచ్చే సంస్థ మర్యాదగా తప్పుకుంది. ఆనవాలు మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకోబోతున్న ఇద్దరమ్మాయిలు నీరదకు ఫోన్ చేశారు. ఒకమ్మాయి ఏడ్చింది, రెండో అమ్మాయి ఏడవకుండా అడగాల్సినవన్నీ అడిగింది. రెండో ఫోనే కష్టమైందని నీరద తర్వాత చెప్పింది.

విచారణ అధికారి మాత్రం ఒక దారి ఉంచాడు. నడవ దాటి వెళ్ళిన చింపాంజీని ఒక్కదాన్నయినా అవతలి అడవిలో బతికుండగా చూపిస్తే, అది వలసదారి అని ఒప్పుకుని నడవ జోలికి ఎవర్నీ రానివ్వనన్నాడు. గడువు పది రోజులు. చూపించలేకపోతే పాత నివేదిక ప్రకారమే పోతానన్నాడు.

విశ్వపతి ఫోన్ చేశాడు. "అయితే ఎప్పుడొస్తున్నట్టు?"

"తప్పు దిద్దుకుని వస్తానండీ."

"ఎంతసేపు పడుతుందేమిటి?"

"ఏడేళ్ళు రాశానుగా."

"సరే, పప్పులో నీళ్ళెన్ని పొయ్యాలో చెప్పి పెట్టెయ్," అన్నాడు.

మర్నాడు ముగ్గురూ నడవలోకి దిగారు. ముందు బిరుంగి, తర్వాత నీరద, వెనక చూడామణి. బిరుంగి ఇంగ్లీషు తాపీగా మాట్లాడతాడు. మూడేళ్ళ తర్వాత తన కాళ్ళతో పని పడినందుకు అతని నడక పెళ్ళివారి నడకలా ఉంది. మట్టిలో ఒత్తిన మెటికల గుర్తు చూసి ఏ పూటదో చెప్పేవాడు. నమిలి ఊసిన పీచు వేలితో నొక్కి చూసేవాడు.

"ఇవన్నీ ఎక్కడైనా రాసిపెట్టారా?" అనడిగింది చూడామణి.

"ఎవరూ అడగలేదమ్మా. పలక వచ్చిందిగా."

చూడామణి ఆ మధ్యాహ్నం నుంచి అతన్ని అడగడం, నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది. అతను చెప్పినదానికి ఒక్క మాట కూడా కలపలేదు, తియ్యలేదు. తెలీదని అతనన్నచోట తెలీదనే రాసింది.

నడవలో రెండు ఉచ్చులు దొరికాయి. బిరుంగి కత్తితో తీగ తెంపి చుట్టచుట్టి సంచిలో వేసుకున్నాడు. నీరద ఆ రెండు తీగల్నీ సంచిలోంచి మళ్ళీ తీయించి చూసింది. పాత నివేదికే నిజమేమోనని భయపడుతోందని చూడామణికి తెలుసు. తనకూ ఆ భయమే.

అవతలి అడవి అంచున గుడారం వేశారు. ఒకరోజు అరుపులు వినిపించాయి, చింపాంజీలు కనిపించలేదు. రెండోరోజు చెట్ల మీద ఆకుల గూళ్ళు కనిపించాయి, అవి ఖాళీ. మూడు, నాలుగు, ఐదు. ఏడోరోజుకి చూడామణి మోకాలు వాచి చెప్పు పట్టనంతగా కాలికి నీరు దిగింది. గుడారంలో ఉండమంది నీరద.

"నువ్వు చూస్తే ఉలవని కళ్ళు చూసి పోలుస్తావు. నేను చూపు చూసి పోలుస్తాను. ఇద్దరం ఉండాలి," అంది చూడామణి, బిరుంగి కొట్టిచ్చిన కర్ర ఊతంగా లేస్తూ.

తొమ్మిదోరోజు పొద్దెక్కాక, పండిన మేడిచెట్టు మీద అవి దొరికాయి. పదిహేనో పదహారో ఉంటాయి. ముగ్గురూ గుడ్డలు కట్టుకుని పొదలో వంగారు. చూడామణి కర్ర కింద ఒక పుల్ల విరిగింది. అంతే. కొమ్మలు ఒక్కసారిగా ఊగాయి, దబదబా నేలకు దూకాయి, కేకలు లోయలోకి దిగిపోయాయి. రెప్పపాటులో చెట్టు బోసిపోయింది.

చూడామణి కళ్ళు మూసుకుంది. ఇదీ నా చేతి పనే అనుకుంది.

"వదినా," అంది నీరద, ఊపిరితో.

చెట్టు బోసిపోలేదు. కింద కొమ్మ మీద ఒకతి కూర్చునే ఉంది. మిగతావాళ్ళు ఎందుకు పరిగెత్తారో తెలీనట్టు కిందికి చూసి, మళ్ళీ పండు కొరుక్కుంది. మనుషులంటే భయం లేని చింపాంజీ ఆ అడవిలో పుట్టి ఉండదు. మనుషుల మధ్య, వాళ్ళు పట్టించుకోదగనివాళ్ళని నేర్చుకుని పెరిగినదై ఉండాలి.

ఎడమ చెవి అంచున, ఉలవకున్నదే ఆ చీలిక. పొట్టకు కరుచుకుని, ఇంకా మొహం నల్లబడని పిల్ల.

బిరుంగి కెమెరా తీసి చెవీ, మొహమూ, పిల్లా కనపడేలా, గడియారంలో టైము సహా, వరసగా ఫొటోలు తీశాడు. ఇక నడవ నిలబడినట్టే. సంపెంగ గానీ, కాకర గానీ, గవ్వ గానీ కనపడలేదు. వాళ్ళ సంగతి ఇప్పటికి తెలీదు.

"ఏమంటోంది వదినా?" అడిగింది నీరద.

చూడామణి చాలాసేపు చూసింది. "ఏమీ అనట్లేదు. పండు తింటోంది."

పిల్ల తల్లి చంక కిందనుంచి తల బయటపెట్టి వీళ్ళకేసి చెయ్యి చాపింది. ఉలవ దాని కాలు పట్టుకుని వెనక్కి లాక్కుంది, చూపు మాత్రం పండు మీదనుంచి తిప్పకుండానే. నీరద తెలీకుండానే ఒక అడుగు ముందుకేసింది. ఇంకో అడుగు వెయ్యబోయింది. లోయలోనుంచి ఒక మగగొంతు గద్దించినట్టు అరిచింది. ఉలవ అటు చూసింది, ఇటు చూసింది.

నీరద ఆగిపోయింది. వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. గుడ్డ పైన కళ్ళు తుడుచుకుని వదిన మోచెయ్యి పట్టుకుంది.

"పద వదినా," అంది మెల్లిగా. "పుట్టింటివాళ్ళం ఎక్కువసేపు ఇక్కడ తచ్చాడితే, దానికి అత్తారింట్లో మాటొస్తుంది."

ఆ మాట బిరుంగికి ఉన్నదున్నట్టు అర్థమయ్యేలా చెప్పడానికి, నడవ దాటేంతసేపూ పట్టింది చూడామణికి.